వద్దక్క చూసిన రెండు ఇంజిన్లు

ఆ చిన్న విమానాల మైదానంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆమె వద్దక్క. సొంతానికి ఓ పాత విమానం కొనుక్కోవాలని ముచ్చటపడ్డవాళ్ళు బేరం ఖాయం చేసుకునే ముందు ఇంజిన్ ఆమెకు చూపిస్తారు. ఆమె తీరిగ్గా చూస్తుంది, గుడ్డముక్కతో చేతులు తుడుచుకుంటుంది, "వద్దు" అంటుంది. అందరికీ అదే మాట చెబుతుందని కాదు గానీ, చాలామందికి అదే దక్కుతుంది. అప్పటికి ముఖం మాడ్చుకుని వెళ్ళినవాళ్ళే, తాము వదిలేసిన విమానం ఇంకెవరి షెడ్డులోనో ముక్కలుముక్కలుగా పడి ఉందని తెలిశాక, పళ్ళో బిస్కెట్లో పట్టుకుని పలకరించడానికి వస్తారు. అమ్మేవాళ్ళకు మాత్రం ఆమె వస్తోందంటే గిట్టదు.

ఆమె ఈ పనిలోకి వచ్చిన దారి వేరు. వాళ్ళ నాన్న ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మిషన్ తొక్కుతుంటే వచ్చే చప్పుడు విని ఎక్కడ నూనె అందడం లేదో చెప్పడం ఆమెకు చిన్నప్పుడే అలవాటైంది. పెళ్ళయిన కొత్తలో కుట్టుపని చేసేది. ఒకసారి విమానం సీట్లకు కవర్లు కుట్టాలని ఈ మైదానంనుంచి కబురొస్తే, కొలతలకని వచ్చింది. సీట్లు కుట్టడం అయిపోయింది కానీ ఆమె వెళ్ళలేదు. మూత తీసి ఉన్న ఇంజిన్ ముందు నిలబడి, అక్కడి ముసలి మెకానిక్‌ని ఒకటే ప్రశ్నలు. ఆయన విసుక్కుని విసుక్కుని, చివరికి చేతికి పానా ఇచ్చి, "అడగడం ఆపి విప్పు" అన్నాడు. అలా విప్పడం మొదలుపెట్టిన మనిషి, పరీక్షలన్నీ రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఆయన తరవాత ఆ షెడ్డు తనే చూసుకుంటోంది. భర్త సిటీబస్సు డ్రైవరు. ఉద్యోగం అయిపోయాక వంటిల్లు తన చేతిలోకి తీసుకున్నాడు. ఆమె చేతికి నల్లగా అంటిన నూనె ఏ సబ్బుకు పోతుందో ఆయనకు ఆమెకన్నా బాగా తెలుసు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. బజారు మూలమీద కళ్ళద్దాల షాపు. మంచివాడు, కానీ ఎత్తంటే హడలిపోతాడు. షాపులో బల్బు మార్చాలంటే పక్కషాపు అతన్ని పిలుస్తాడు. అలాంటివాడి కూతురు పశువుల డాక్టరై, సెలవు దొరికినప్పుడల్లా విమానం నడపడం నేర్చుకుంది. ఆమె వైద్యం చేసే పశువుల ఫారాలు దూరదూరంగా ఉంటాయి. కారులో వెళ్ళేసరికి సగం రోజు గడిచిపోతుంది, ఒక్కోసారి ఆవు ప్రాణమూ పోతుంది. చాలా ఫారాల పక్కన చదునైన గడ్డినేల ఉంది. చిన్న విమానం ఒకటుంటే చాలని ఆమె లెక్క.

ఒక సాయంత్రం ఆ మేనకోడలు అత్త ఇంటికి భోజనానికి వచ్చి, కూర్చోకముందే ఫోన్ తీసి ఫొటో చూపించింది.

"చూడత్తా, ఎంత ముద్దుగా ఉందో. నాలుగు సీట్లు. ఇంజిన్ తిరిగిన గంటలు చూస్తే దాదాపు కొత్తదే. ఓ సంగీతం మాస్టారిది. కన్నబిడ్డలా చూసుకున్నాడట."

"ఎన్నాళ్ళనుంచి ఎగరలేదు?"

"ముందు బాగుందనొచ్చుగా!"

"బాగుంది. ఎన్నాళ్ళనుంచి ఎగరలేదు?"

వంటింట్లోంచి మామయ్య నవ్వాడు. "మీ అత్త నన్ను పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే అడిగింది, ఎన్నాళ్ళనుంచి ఉద్యోగం లేదని."

మాస్టారికి చూపు మందగించి కొన్నేళ్ళుగా ఎగరడం లేదనీ, అయినా ఆదివారం తప్పకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి కాసేపు తిప్పుతాడనీ మేనకోడలు చెప్పింది. వద్దక్క చూద్దాం అంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు గుమ్మంలో తమ్ముడు ప్రత్యక్షమయ్యాడు. అతను అక్కడికి రావడం అదే మొదటిసారి. లోపలున్న విమానాల వంక, కరిచే కుక్కల్ని చూసినట్టు చూస్తూ గోడవారగా నడిచి వచ్చాడు.

"అక్కా, నీతో ఓ మాట."

"చెప్పు."

"అది ఏ విమానం చూపించినా సరే, నువ్వు ఇంజిన్ బాగాలేదని చెప్పు. అంతే. నువ్వు వద్దంటే అది ఇక నోరెత్తదు. నేనంటే పోట్లాడుతుంది."

"ఇంజిన్ బాగుంటే?"

"నీకు అలవాటైన మాటేగా అక్కా. ఇంకొక్కసారి అనడానికి ఏం పోయింది?"

వద్దక్కకు కోపం రావలసింది, కానీ తమ్ముడి ముఖం చూస్తే రాలేదు. రాత్రి నిద్రపోయినట్టు లేడు. అతని భయం ఆమెకు తెలియనిదా? చిన్నప్పుడు మేడమెట్లు దిగలేక ఏడుస్తుంటే చంకనేసుకుని దించింది తనే.

"ఒరేయ్, నా మాట మీద జనానికి నమ్మకం ఎందుకుందో తెలుసా? నేను ఎవరి కోసమూ చెప్పను కాబట్టి. బాగాలేకపోతే బాగాలేదంటాను. బాగుంటే బాగుందంటాను. నువ్వు ఇంటికెళ్ళి పడుకో."

అతను వెళ్ళాడు. తన మాట ఆమె చెవికెక్కిందనే అనుకుంటూ వెళ్ళాడు.

మాస్టారి విమానం ఫొటోలోకన్నా అందంగా ఉంది. తెల్లటి రంగు మీద సన్నటి నీలం చార, ముఖం చూసుకోగలిగేంత మెరుపు. వద్దక్క ముందుగా ఇంజిన్ మూత మీద అరచెయ్యి ఆనించింది. తను వచ్చేలోపు స్టార్ట్ చేయవద్దని చెప్పి ఉంచింది. చల్లగా ఉన్న ఇంజిన్ ఎలా అందుకుంటుందో చూస్తేగానీ దాని ఓపిక తెలియదు. మాస్టారు మాట నిలబెట్టుకున్నాడు. మూత చల్లగానే ఉంది. ఇంజిన్ కూడా ఒక్క పిలుపుకే పలికింది.

వేడెక్కాక ఆపి, పరీక్ష మొదలుపెట్టారు. సిలిండర్‌లోకి గొట్టంతో గాలి ఎక్కించి, ఆ గాలి ఎంతసేపటికీ లోపలే నిలుస్తోందా, ఎటైనా కారిపోతోందా అని చూడాలి. గాలి బలానికి ప్రొపెల్లర్ గిర్రున తిరిగి మనిషిని కొట్టవచ్చు కనుక వద్దక్క దాన్ని రెండు చేతులతో బిగబట్టుకుని నిలబడింది. మేనకోడలు గాలి వదిలింది.

"ఇప్పుడు పొగగొట్టం దగ్గర చెవి పెట్టు. ఆనించకు, కాలుతుంది. ఏమైనా వినబడుతోందా?"

"ఏమీ లేదు."

"ఆయిల్ పోసే మూత దగ్గర?"

"సన్నగా, చాలా సన్నగా బుసమంటోంది."

"అది ప్రతి ఇంజిన్‌కీ ఉంటుంది. గట్టిగా వస్తేనే పిస్టన్ రింగులు అరిగినట్టు."

"నేను చేసేదీ ఇదే అత్తా," అంది మేనకోడలు. "కాకపోతే నా పేషెంట్లు తంతాయి."

"ఇదీ తంతుంది. అందుకేగా నేను పట్టుకున్నాను."

నాలుగు సిలిండర్లూ గాలిని బాగానే పట్టి ఉంచాయి. సన్నటి కెమెరా లోపలికి పంపి చూస్తే వాల్వులూ శుభ్రంగానే కనబడ్డాయి. మేనకోడలి ముఖం వెలిగిపోయింది. మాస్టారు తన పిల్లవాడు పరీక్ష పాసైనట్టు అందరికీ టీ పోశాడు.

అప్పుడే మేనకోడలి ఫోన్ మోగింది. ఎక్కడో ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోంది. ఆమె సంచీ అందుకుని, "అత్తా, నువ్వు కానియ్యి, నాకు ఫోన్ చెయ్యి" అంటూ పరుగెత్తింది.

వద్దక్క టీ తాగుతూ కొంతసేపు ఇంజిన్ వంకే చూసింది. తరవాత ఆయిల్ ఫిల్టర్ విప్పి, రేకు కోసి, లోపలి మడతల కాగితాన్ని బల్ల మీద పరిచి, ఎండ పడేలా అటూ ఇటూ తిప్పింది. మడతల మధ్య అక్కడక్కడా నలుసుల్లాంటి మెరుపులు. అయస్కాంతం పెడితే అంటుకున్నాయి. అంటే ఇనుము. లోపల ఎక్కడో ఇనుము ఇనుమును తింటోంది.

"మాస్టారూ, మీరు ఒప్పుకుంటే ఒక సిలిండర్ ఊడదీసి చూస్తాను. ఏమీ లేకపోతే నా ఖర్చుతో నేనే మళ్ళీ కట్టి ఇస్తాను."

"చూడమ్మా, నిక్షేపంగా చూడు. దానికి ఏ రోగమూ లేదు. ఒక్క వారం కూడా పస్తు పెట్టలేదు నేను."

ఆ మరునాటి పగలంతా పట్టింది సిలిండర్ ఊడేసరికి. ఆ సందులోంచి టార్చి వేస్తే పైన క్యామ్ షాఫ్ట్ కనబడుతుంది. వాల్వుల్ని వేళకు ఎత్తి దించే ఉక్కు కడ్డీ అది. దాని మీద ఉబ్బెత్తుగా ఉండే భాగాలు అద్దంలా నున్నగా ఉండాలి. వద్దక్క చూపుడువేలి గోరుతో నెమ్మదిగా రాసింది. గోరు ఆగింది. మళ్ళీ రాసింది. మళ్ళీ ఆగింది. మశూచి పోసిన ముఖంలా గుంటలు. అంచులు అప్పుడే అరగడం మొదలైంది.

ఆమె టార్చి ఆర్పి, మాస్టారిని కూర్చోమంది. ఈ మాట ఎలా చెప్పాలో తెలియక కాసేపు చేతులు తుడుచుకుంది.

"తుప్పు పట్టింది మాస్టారూ."

"తుప్పా? ఆదివారం ఆదివారం తిప్పుతూనే ఉన్నానే!"

"అదే దెబ్బ తీసింది. ఇంజిన్ తిరిగితే లోపల నీటి ఆవిరి పుడుతుంది. గంటసేపు ఎగిరితే ఆయిల్ బాగా కాగి, ఆ తడి అంతా పోతుంది. నేలమీద కాసేపు తిప్పి ఆపేస్తే ఆయిల్ కాగదు. ఆ తడి లోపలే ఉండిపోతుంది. ప్రతి ఆదివారం కొంచెం కొంచెం నీళ్ళు పోసినట్టయింది."

మాస్టారు విమానం రెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చివరికి, "అయితే నేనే చేశానన్నమాట" అన్నాడు.

"చాలామంది అలాగే చేస్తారు. ప్రేమ లేనివాళ్ళు చెయ్యరు."

ఆయన కళ్ళు తుడుచుకుని, "సరే, మందుందా లేదా చెప్పు" అన్నాడు.

"ఉంది. మొత్తం విప్పి కట్టాలి. కానీ మా పిల్లకు ఇప్పుడు కావలసింది ఇది కాదు."

మేనకోడలికి ఫోన్ చేసి "వద్దు" అని చెప్పింది. అవతలనుంచి "సరే అత్తా" అన్న మాట పొడిగా వినబడింది.

ఆ రాత్రి తమ్ముడు బుట్టెడు నారింజపళ్ళు పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. ముఖంలో పండగ. అక్క ఎంత చెప్పినా వినిపించుకోకుండా, "నువ్వేమీ చెప్పకక్కా, నాకు తెలుసుగా" అంటూ వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళాక ఆ సంతోషం పట్టలేక కూతురి ముందు కూడా నోరు జారాడు.

మర్నాడు మేనకోడలు షెడ్డులోకి సుడిగాలిలా వచ్చింది.

"నాన్న చెప్పమన్నాడని చెప్పావా?"

"నాన్న చెప్పమన్నాడు. నేను చెప్పలేదు."

"పరీక్షలన్నీ నా కళ్ళముందే బాగున్నాయి. నేను అటు వెళ్ళగానే పాడైపోయిందా? నిన్ను నమ్మానత్తా!"

వద్దక్క ముఖం చిన్నబోయింది. ఏళ్ళ తరబడి అమ్మకందారులు అన్న మాటలేవీ ఆమెకు తగల్లేదు గానీ, ఈ మాట తగిలింది. పిల్ల చెయ్యి పట్టుకుని మాస్టారి షెడ్డుకు తీసుకెళ్ళింది. ఆయన అక్కడే ఉన్నాడు. ఊడదీసిన సిలిండర్‌ని పాత తువ్వాలు మీద పెట్టి తుడుస్తున్నాడు. మేనకోడలి ముఖం చూసి విషయం గ్రహించినట్టున్నాడు, తనే టార్చి అందించాడు.

"రామ్మా, గోరు పెట్టి చూడు. అమ్ముకునేవాణ్ణి, నేనే చెబుతున్నాను. ఇది ఇలాగే కొంటే నీకు ఆకాశంలో దిక్కులేదు."

ఆమె వంగి లోపలికి చెయ్యి పెట్టింది. గోరు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. బయటికి వచ్చి, నూనె అంటిన వేలి వంక చూసుకుని, అత్త భుజం మీద తల పెట్టింది.

"నా తల తిరిగిపోయింది అత్తా, ఏమనుకోకు."

"ఏమనుకుంటాను, మీ నాన్న తిప్పాడు. ముందు ఆ చెయ్యి తుడుచుకో, నా చీర పాడవుతుంది."

ఇంకో విమానం కబురు కొద్ది వారాలకు తెలిసింది. నేలలో వేసిన నూనెపైపుల వెంబడి, ఎక్కడా కారడం లేదు కదా అని గాలిలో గస్తీ తిరిగే పైలట్‌ది అది. ఆయన పని మానేస్తున్నాడు. ఆ విమానాన్ని చూడగానే మేనకోడలు పెదవి విరిచింది. రంగు వెలిసిపోయింది. సీటు చిరిగి, చిరుగు మీద టేపు, ఆ టేపు కూడా చిరిగి దాని మీద ఇంకో టేపు. ఇంజిన్ తిరిగిన గంటలైతే, ఇంక విప్పి కట్టే వేళకు దగ్గరపడుతున్నాయి.

"దీనికి స్నానం చేయించడం నాకు చేతకాలేదు," అన్నాడు గస్తీ పైలట్. మాటలు తక్కువ మనిషి. "తిండి మాత్రం వేళకు పెట్టాను."

"ఎన్నాళ్ళకోసారి ఎగిరేవాళ్ళు?" అని వద్దక్క అడిగింది.

"వాన లేని రోజల్లా."

ఆ జవాబు విని ఆమె మొదటిసారి నవ్వింది. ఫిల్టర్ కోసి పరిస్తే కాగితం మీద నల్లటి మడ్డి తప్ప ఏమీ లేదు. అయస్కాంతానికి ఏమీ అంటలేదు. గాలి ఎక్కించి చూస్తే మూడు సిలిండర్లు పట్టి ఉంచాయి, ఒకటి వదిలేస్తోంది. పొగగొట్టంలో బుస గట్టిగానే వినబడింది. మేనకోడలు అత్త వంక తిరిగింది. "ఇదీ పోయినట్టేనా?"

"తొందరపడకు. వాల్వు కింద మసి నలుసు ఇరుక్కున్నా ఇలాగే కారుతుంది."

కెమెరా పంపి ఆ వాల్వు ముఖం చూసింది. కాలిన వాల్వు మీద రంగు ఒక పక్కకు ఒరిగి, అర్ధచంద్రంలా కనబడుతుంది. ఇక్కడ మధ్యనుంచి అంచులదాకా సమంగా ఉంది. గస్తీ పైలట్‌ని ఒక గంట ఎగిరి రమ్మంది. తనూ ఎక్కింది, ఆయన పక్కన కూర్చుని, దారి పొడవునా కళ్ళు మూసుకుని చప్పుడు విన్నది. దిగాక మళ్ళీ గాలి ఎక్కిస్తే, ఆ సిలిండర్ కూడా పట్టి ఉంచింది. అయినా ఆమె ఊరుకోలేదు. ఆ పక్క సిలిండర్ ఒకటి ఊడదీసి, క్యామ్ మీద గోరు రాసి చూసింది. గాజుమీద రాసినట్టు జారిపోయింది.

చేతులు తుడుచుకుంది. మేనకోడలు ఆ చేతుల వంకే చూస్తోంది.

"తీసుకో," అంది వద్దక్క. "మొత్తం విప్పి కట్టాల్సిన రోజు వస్తుంది, దానికి సిద్ధంగా ఉండు. ఈలోగా వారం వారం ఎగురు. ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టర్ కోసి నాకు చూపించు. అది ముసలిదే, కానీ పని మానని ముసలిది."

మేనకోడలు ఆమెను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. గస్తీ పైలట్ ముఖం పక్కకు తిప్పుకుని, టేపు వేసిన సీటును ఓసారి సర్దాడు.

ఈ మాట తమ్ముడికి ఇంకెవరి ద్వారానో తెలియడం ఆమెకు ఇష్టం లేదు. నేరుగా కళ్ళద్దాల షాపుకు వెళ్ళింది. అతను ఎవరికో ఫ్రేమ్ సరిచేస్తున్నాడు. ఆ మనిషి వెళ్ళేదాకా ఆగి చెప్పింది.

"బాగుందిరా. తీసుకోమన్నాను."

చేతిలో ఉన్న చిన్న స్క్రూ జారి కింద పడింది. అతను దాన్ని వెతకలేదు.

"ఒక్క మాట అనలేకపోయావు నా కోసం."

"నీ కోసం అబద్ధం చెబితే, అది ఇంకోచోట, ఇంకెవడి మాటో నమ్మి, ఆ తెల్లటి దానిలాంటిది కొనేది. అప్పుడు నేను చూసేదాన్ని కాదు. ఇప్పుడు ప్రతి ఫిల్టరూ నా చేతుల్లోంచే వెళుతుంది."

అతను ఆ తరవాత చాలా రోజులు అక్క ఇంటికి రాలేదు. ఫోన్ చేస్తే "షాపులో జనం ఉన్నారు" అని పెట్టేసేవాడు. బావగారు వెళ్ళి కూర్చుంటే మాత్రం గుచ్చిగుచ్చి అడిగేవాడట: ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు వచ్చింది, గాలి ఎక్కువగా ఉందా అని.

వద్దక్క ఆ మొదటి రోజుల్లో మేనకోడలితో పాటు దాదాపు ప్రతి ఫారానికీ ఎగిరింది. ఎవరికీ చెప్పలేదు. ఆవుకు సూది వేస్తుంటే గట్టున కూర్చుని టీ తాగేది. వచ్చేటప్పుడు కాళ్ళకు పేడ, చేతుల్లో ఫారంవాళ్ళు బలవంతంగా పెట్టిన పాలసీసా. ఆ పాలసీసాలు చూసి సంగతి పసిగట్టిన బావగారు తమ్ముడికి గుట్టు చెప్పేశాడు. "మీ అక్క రోజూ దాని పక్కనే ఉంటోందోయ్. ఊరికే నమ్మకంతో వదిలెయ్యలేదు" అన్నాడాయన.

ఆ వారంలోనే తమ్ముడి దగ్గరనుంచి ఫోన్.

"అక్కా, పైలట్లకు మామూలు చలవ అద్దాలు పనికిరావట కదా? మిరుమిట్లు తగ్గించే పోలరైజ్డ్ రకమైతే ఆ మీటర్ల తెరలు నల్లగా కనబడతాయట. అది ఏవి పెట్టుకుంటోంది?"

"బజార్లో కొన్నవేవో."

"బజార్లోనా? నేను చచ్చానా?"

రెండోసారి ఆ మైదానానికి వచ్చినప్పుడు అతని జేబులో కొత్త కళ్ళద్దాలున్నాయి. చెవుల మీద హెడ్‌సెట్ నొక్కినా గుచ్చుకోకుండా కాడలు సన్నగా చేయించాడు. కూతురికి తనే పెట్టి, ముక్కు మీద సరిచేసి, వెనక్కి జరిగి చూసి, మళ్ళీ సరిచేశాడు. ఆమె నవ్వుతూ, "ఒక్కసారి ఎక్కి కూర్చో నాన్నా, నేల మీదే" అంటే ఎక్కాడు. ఎక్కిన వెంటనే దిగాడు. అయినా ఎక్కాడు.

ఇప్పుడు వద్దక్క షెడ్డులో ఓ పక్క మాస్టారి ఇంజిన్ విప్పి ఉంది. ఆయన విమానం అమ్మే ఆలోచన మానుకున్నాడు. కొత్త క్యామ్ వేసి కట్టాక తనకు బదులు, పైలట్ లైసెన్సున్న ఇద్దరు శిష్యులు నడుపుతారట, తను వెనక కూర్చుంటాడట. రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని, కడిగిన బోల్టులు ఆరబెడుతూ కూనిరాగాలు తీస్తాడు. ఆయనకు కొత్త కళ్ళద్దాలు తమ్ముడే చేసి ఇచ్చాడు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున్న, గాలి లేని రోజు చూసి, తమ్ముడు తనంతట తనే వచ్చి వెనకసీట్లో కూర్చున్నాడు. పక్కన అక్క ఉండాలన్నాడు. విమానం లేచేటప్పుడు ఆమె చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఆమె ఉంగరం వేలిలో గుచ్చుకుంది. మేనకోడలు ఊరు చుట్టూ నెమ్మదిగా తిప్పింది. చాలాసేపటికి అతను ఒక కన్ను తెరిచాడు, తరవాత రెండోది. కిందికి చూసి ఉలిక్కిపడ్డాడు.

"అక్కా! అది నా షాపేగా? దాని డాబా మీద నీళ్ళు అలా నిలబడి ఉన్నాయేమిటి?"

దిగీ దిగగానే మేస్త్రీకి ఫోన్ చేశాడు.